బండి ముందు నాలుగు సూర్యుళ్ళు, వెనక తొట్టిలో చీకటి

గౌతమి వంతెన దిగి జొన్నాడ వైపు వచ్చే పికప్ బళ్ళను తెల్లవారుజామున చూస్తే బండి కనపడదు, దీపాలే కనపడతాయి. కంపెనీ యిచ్చిన హెడ్‌లైట్లు రెండు, బంపరు మీద మరో రెండు, క్యాబిన్ నెత్తిన బారెడు పొడుగు ఎల్‌ఇడి బద్ద ఒకటి. ఎదురొచ్చే సైకిలు మనిషి కళ్ళు మూసుకుని రోడ్డు దిగిపోవలసిందే. ఆ బండి దాటిపోయాక వెనక్కి తిరిగి చూడండి. ఒక టెయిల్ లైటు మిణుకుమంటూ వుంటుంది, రెండోది వుండదు. తొట్టిలో గెలల మీద గెలలు, వాటి మీద ముఠా కూలీలు. అక్కడ మనుషులున్నారని వెనక వచ్చే లారీకి చెప్పే దీపం ఒక్కటీ లేదు.

జొన్నాడ ఆలమూరు మండలంలో, గౌతమి పాయ గట్టున వున్న వూరు. ఒకప్పుడు అయిదో నంబరుగా వుండి 2010 నుంచి పదహారో నంబరయిన జాతీయ రహదారి యీ వూరి పక్కనుంచే పోతుంది. వంతెన దాటితే రావులపాలెం అరటి మార్కెట్టు. యిటు రాజమండ్రి వైపు వస్తే మడికి కూరగాయల మార్కెట్టు, యింకా పైకి కడియపులంక మొక్కల తోటలు. వెనక ఆలమూరు, మండపేట వరి చేలు. సరుకు ఏదయినా చీకటితోనే కదలాలి, తెల్లారేటప్పటికి మార్కెట్టులో దిగాలి. పూర్వం యీ పనికి ఎడ్లబళ్ళు, సైకిళ్ళు, పడవలు వుండేవి. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. 2005లో టాటా ఏస్ రోడ్డెక్కిన దగ్గర్నుంచి చిన్న వ్యాన్లు, ఆ తర్వాత వాటికన్నా బలమయిన పికప్‌లు లంకల్లోని పుంత రోడ్ల దాకా వచ్చేశాయి.

రైతు కూలీల పేజీలో బండి వైరింగు గురించి రాయడమేమిటని అడిగేవారుంటారు. ఆ బండి నడిపేవాడు కూలివాడే. తొట్టిలో ఎక్కేది దింపు కార్మికులు, వొలుపు కార్మికులు, గెలలు కోసే ముఠా, సార్వా వూడ్పులకు పొరుగూరు పోయే ఆడకూలీలు. గట్టు మీద ఎదురుగా నడిచొచ్చేది మన జనమే. వైరు కాలినా మనమే కాలతాం, కళ్ళు చెదిరి బండి బోదెలో పడినా మనమే పడతాం. పోనీ జరిమానా పడితే కట్టేదయినా ఓనరా అంటే, అదీ రోడ్డు మీద డ్రైవరు జేబులోంచే పోతోంది. అందుకని యీ సంగతి మొదటి నుంచీ చివరి దాకా, కాస్త లెక్కతో సహా మాట్లాడుకుందాం.

అదనపు దీపం అక్కర్లేదని మేము అనడం లేదు. లంకలో అరటి తోట లోపలికి పోయే దారికి దీపాలుండవు. పుంతకు ఒక పక్క బోదె, ఒక పక్క చేను. పుష్య మాసం పొగమంచులో రహదారి మీదే పది గజాలు కనపడదు. గెల కోసి, చుట్టకుదురు మీద పెట్టుకుని, గట్టు దాకా మోసి, తొట్టిలో పేర్చే పని చీకట్లో చేస్తే కాలు జారుతుంది, కత్తి తెగుతుంది, పాము మీద కాలు పడుతుంది. వెలుతురు కావాలి. అది ఎక్కడ కావాలి, ఎవరి కోసం కావాలి, ఏ తీగ మీద రావాలి అన్నదే మన ప్రశ్న.

యిప్పుడు జరుగుతున్నదేమిటో చూడండి. బండి కొన్న ఓనరు సెంటర్లో కొట్టుకు పంపిస్తాడు. డాష్‌బోర్డు మీద ఖాళీ గూడో, కంపెనీ పెట్టిన ఫాగ్ లైటు స్విచ్చో వుంటుంది. దాని వెనక తీగ కోసి, కొత్త దీపాల తీగ మెలేసి, నల్ల టేపు చుట్టేస్తారు. స్విచ్చి నొక్కితే దీపం వెలుగుతుంది. వెలిగింది కదా, పనయిపోయింది అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే మొదటి రాత్రి ఏమీ కాదు. పదో రాత్రో నూరో రాత్రో అవుతుంది.

లెక్క కష్టమైనది కాదు. పికప్ బండి బ్యాటరీ 12 వోల్టులు. దీపం మీద రాసిన వాట్లను 12తో భాగిస్తే తీగలో పారే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హాలోజెన్ దీపాలు రెండు పెడితే 110 వాట్లు. 12తో భాగిస్తే 9 ఆంపియర్ల పైచిలుకు. వంద వాట్ల బల్బులు రెండు బిగిస్తే సుమారు 17 ఆంపియర్లు. కంపెనీ స్విచ్చి చాలా బళ్ళలో యింత బరువు మోయడానికి చేసింది కాదు. దాని వెనక తీగ దారంలా సన్నగా వుండడమే అందుకు సాక్ష్యం. అది సైగ చేయడానికి పెట్టిన స్విచ్చి, బరువు మోయడానికి కాదు.

అర చదరపు మిల్లీమీటరు మందం వున్న రాగి తీగ నాలుగు మీటర్లు తీసుకుని దాంట్లో 9 ఆంపియర్లు పారించామనుకోండి. దారిలోనే వోల్టున్నర్రకు కాస్త తక్కువ పోతుంది. పన్నెండు పోయి దీపం దగ్గరికి వచ్చేది పదిన్నర చిల్లర. హాలోజెన్ బల్బుకు వోల్టు పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్ఫై శాతం పడిపోతుంది. అంటే ఓనరు డబ్బిచ్చి కొన్న వెలుతురులో మూడో వంతు తీగలోనే ఆవిరవుతోంది. ఆవిరవడమంటే మాట వరసకు కాదు. డజను వాట్ల వేడి ఆ తీగ పొడుగునా, స్విచ్చి లోపల, టేపు చుట్టిన అతుకు దగ్గర పుడుతూనే వుంటుంది. అతుకు వదులయితే వేడంతా అక్కడే పోగవుతుంది. ప్లాస్టిక్కు మెత్తబడుతుంది, పక్క తీగకు అంటుకుంటుంది. డాష్‌బోర్డు వెనక పొగ మొదలయ్యాక డ్రైవరుకు వాసన తెలిసేలోపే తొట్టిలో వున్నవాళ్ళు బండిని ఆపమని అరవాలి. వాళ్ళకు వాసన రాదు, వాళ్ళ అరుపు క్యాబిన్‌లోకి వినపడదు.

మేస్త్రీ కేక, ముఠా మోత

దీనికి మందు కొత్తదేమీ కాదు. రిలే అని అగ్గిపెట్టెలో సగముండే నల్ల డబ్బా. కార్లలో, లారీల్లో కంపెనీవాళ్ళే ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్నారు. దాని పని మన వాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. మేస్త్రీ గట్టు మీద నిలబడి కేకేస్తాడు, ముఠా బస్తా ఎత్తుతుంది. స్విచ్చి మేస్త్రీ. రిలే ముఠా. మేస్త్రీ చేత బస్తా మోయిస్తే నడుం విరుగుతుంది. (విరిగితే మాకేం అభ్యంతరం లేదనే ముఠా కార్మికులుంటారు, బండి విషయంలో మాత్రం ఆ సరదా పనికిరాదు.)

రిలే లోపల ఒక చిన్న తీగచుట్ట వుంటుంది. దానికి కావలసింది ఆంపియరులో అయిదో వంతుకు మించదు. యీ పాటి పని సన్న తీగ, కంపెనీ స్విచ్చి సుఖంగా చేస్తాయి. ఆ చుట్ట అయస్కాంతమై లోపల రేకును లాగుతుంది. లాగితే బ్యాటరీ నుంచి దీపానికి లావు తీగ దారి తెరుచుకుంటుంది. బరువంతా లావు తీగ మీదే. స్విచ్చికి దాని వేడి తగలనే తగలదు.

సాధారణంగా దొరికే నాలుగు కాళ్ళ రిలే మీద అంకెలుంటాయి. 30 అన్న కాలికి బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు తీగ, మధ్యలో ఫ్యూజు. 87 అన్న కాలి నుంచి దీపాలకు. 86కి స్విచ్చి నుంచి వచ్చే సన్న తీగ. 85 బండి చట్రానికి, అంటే ఎర్త్‌కు. యీ నాలుగంకెలు కొట్టులో పనిచేసే కుర్రాడికి తెలిసే వుంటాయి. తెలిసీ పెట్టడు, ఎందుకంటే ఓనరు దీపాలకు డబ్బిస్తాడు గానీ రిలేకు యివ్వడు. రిలే, ఫ్యూజు, వాటి గూళ్ళు కలిపినా ఖర్చు ఒక రోజు కూలికి అటూ యిటూ. నెత్తిన పెట్టిన ఎల్‌ఇడి బద్ద అందరికీ కనపడుతుంది. బానెట్టు కింద రిలే ఎవరికీ కనపడదు. అదీ అసలు కారణం.

ఫ్యూజు సంగతి విడిగా చెప్పాలి. ఫ్యూజు దీపాన్ని కాపాడుతుందనుకుంటారు. కాదు, అది తీగను కాపాడుతుంది. అందుకని బ్యాటరీకి జానెడు దూరంలోనే వుండాలి. దీపం దగ్గర పెడితే, బ్యాటరీకీ దీపానికీ మధ్య తీగ ఎక్కడయినా రేకుకు ఒరుసుకున్నప్పుడు ఆపేవాడుండడు. 55 వాట్ల దీపాలు రెండింటికి 15 ఆంపియర్ల ఫ్యూజు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ సరిపోతాయి. ఆ తీగలో యిందాకటి నాలుగు మీటర్లకూ పోయేది పావు వోల్టు మాత్రమే. ఫ్యూజు పోతే డ్రైవరు అర్ధరాత్రి గట్టు మీద ఏం చేస్తాడు? సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి గుచ్చుతాడు, లేదా రాగి పోగు కడతాడు. అతన్ని తిట్టి లాభం లేదు. సరుకు ఆలస్యమయితే కిరాయి కోస్తారు మరి. రెండు ఫ్యూజులు అదనంగా డాష్‌బోర్డు అరలో వుంచాలని ఓనరుతో తెగేసి చెప్పవలసిన మాట. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే తీగ ఎక్కడో ఒరుసుకుంటోందని అర్థం. పెద్ద ఫ్యూజు పెట్టడం జవాబు కాదు.

తీగ క్యాబిన్‌లోంచి బానెట్టులోకి పోయే చిల్లు దగ్గర రబ్బరు కంఠం వుండాలి. లేకపోతే పుంతలో కుదుపులకు రేకు అంచు కత్తిలా కోసేస్తుంది. సైలెన్సరు గొట్టానికి దూరంగా, ముడతల గొట్టంలోంచి తీసుకుపోయి, అక్కడక్కడ పట్టీలు వేయాలి. మెలేసి టేపు చుట్టిన అతుకు మన గాలికి ఆగదు. సముద్రం దగ్గర, గోదావరి పక్కనే, సంవత్సరంలో సగం తేమ. రాగి పచ్చబడుతుంది, టేపు జిగురు కారుతుంది. అతుకును నొక్కుడు టెర్మినల్‌తో బిగించి, వేడికి ముడుచుకునే గొట్టం వేయాలి. ఎర్త్ తీగను రంగు మీద బోల్టు వేసి బిగిస్తే వెలుతురు ఆడుతుంది. అక్కడ రంగు గీకి, బిగించి, మీద గ్రీజు పూయాలి. దీపం మినుకు మినుకుమంటే బల్బు మార్చేముందు ఎర్త్ చూడండి. పదింట సగం సార్లు తప్పు అక్కడే వుంటుంది.

2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలినప్పుడు లంకల నుంచి సామాను, పశువులు గట్టెక్కించింది యీ ట్రాక్టర్లే, యీ పికప్‌లే. అలా బురద నీటిలో మునిగిన బండికి వైరింగు విప్పి, కడిగి, ఆరబెట్టకుండా దీపం వేయకూడదు. కనెక్టర్లలో ఒండ్రు చేరితే అది లోపలే వుండి రాగిని తింటుంది.

కొత్త బళ్ళ విషయం వేరే వుంది. 2020 ఏప్రిల్ నుంచి బిఎస్-6 బళ్ళే అమ్ముతున్నారు, వాటిలో కంప్యూటరు పెత్తనం ఎక్కువయింది. కొన్నిటిలో స్విచ్చి నేరుగా దీపానికి పోదు. కంప్యూటరు డబ్బాకు సైగ పంపుతుంది, ఆ డబ్బా దీపాన్ని వెలిగిస్తుంది. అక్కడ తీగ కోసి మెలేస్తే డాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తులు వెలుగుతాయి, ఒక్కోసారి ఆ డబ్బాయే పోతుంది. దాని ఖరీదుకు పాత బండి దీపాలన్నీ కొత్తవి వేసుకోవచ్చు. యింకో చిక్కు: కొన్ని స్విచ్చిలు పాజిటివ్ యివ్వవు, ఎర్త్ యిస్తాయి. అప్పుడు 86కి ఫ్యూజుతో పాజిటివ్, 85కి స్విచ్చి తీగ. అంటే పైన చెప్పింది తిరగేయాలి. ఏది ఏదో ఊహించి కలపకుండా టెస్ట్ ల్యాంపుతోనో మీటరుతోనో ముందు చూసుకోవాలి. కంప్యూటరున్న బండికి లోపల డయోడు వున్న రిలే వాడాలి, లేకపోతే రిలే ఆగేటప్పుడు కొట్టే విద్యుత్తు దెబ్బ ఆ డబ్బాకు తగులుతుంది. డయోడు రిలేకు 85, 86 తారుమారు కాకూడదు.

అసలు చాలా మంది చూడని సంగతి ఒకటుంది. కొన్ని పికప్‌లలో తక్కువ ధర మోడలుకు కూడా ఫాగ్ లైట్ల తీగలు బంపరు దాకా వచ్చి వుంటాయి. ఫ్యూజు పెట్టెలో రిలే గూడు ఖాళీగా వుంటుంది. ఆ బండికి కంపెనీ ఫాగ్ లైట్లు, కంపెనీ స్విచ్చి, కంపెనీ రిలే అదే వాట్లకు బిగిస్తే ఒక్క తీగా కోయక్కర్లేదు. అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి అదే. కొట్టుకు పోయేముందు మాన్యువల్ పుస్తకం తిరగేయండి. పుస్తకం ఓనరు బీరువాలో వుంటుంది, అది వేరే మాట.

లారీల మీద పనిచేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ 24 వోల్టులు. పికప్ రిలే, పికప్ బల్బు అక్కడ పెడితే నిమిషంలో పోతాయి.

రోడ్డు మీద చట్టం, జేబులో జరిమానా

యిప్పుడు చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989లో చేసిన కేంద్ర నిబంధనల్లో 106వది వెలుతురు వంపు గురించి. ముందు దీపం కిరణం కిందికి వంగి వుండాలి. దీపానికి 8 మీటర్ల దూరంలో, కుడి పక్కకు అర మీటరు జరిగి, నేల నుంచి మీటరున్నర ఎత్తున కన్నున్న మనిషికి కళ్ళు జిగేల్‌మనకూడదు. మీటరున్నర అంటే సుమారు అయిదడుగులు. గంప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చే మన ఆడకూలీ కన్ను ఎత్తు అది. నిబంధన రాసినవాళ్ళు ఆమెను తలచుకునే రాశారో లేదో గానీ, అంకె సరిగ్గా ఆమెకే సరిపోయింది. 111వ నిబంధన యింకా సూటిగా వుంది: రిజిస్టరు చేసే అధికారి ప్రత్యేక పరిస్థితుల్లో అనుమతిస్తే తప్ప ముందువైపు స్పాట్ లైటు, సెర్చి లైటు బిగించకూడదు. 108వ నిబంధన ప్రకారం ముందుకు ఎరుపు చూపకూడదు, వెనక్కి ఎరుపు తప్ప వేరే రంగు చూపకూడదు; నంబరు ప్లేటు దీపం, రివర్సు దీపం, యిండికేటర్లు, బండి లోపలి దీపం వంటివి మినహాయింపు.

అంటే క్యాబిన్ నెత్తిన ఎల్‌ఇడి బద్ద వెలిగించుకుని జాతీయ రహదారి మీద పోవడానికి ఏ స్విచ్చీ, ఏ రిలే అనుమతి యివ్వదు. వైరింగు ఎంత శుభ్రంగా చేసినా అది చట్టం ముందు తప్పే. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ అని వుంది. ఓనరుకు అని స్పష్టంగా వుంది. డ్రైవరుకు అని లేదు.

రోడ్డు మీద జరిగేది వేరు. బండి ఆపేది డ్రైవరును, కాగితాలు అడిగేది డ్రైవరును. అక్కడికక్కడ కట్టింది జీతంలో కోత పడుతుంది. "నువ్వే కదా కావాలన్నావు" అంటాడు ఓనరు. "ఆయ్, నేనెప్పుడన్నానండీ" అని గొణగడం తప్ప డ్రైవరు దగ్గర సాక్ష్యం వుండదు. ఒక పని చేయవచ్చు. అదనపు దీపం బిగించిన రోజు ఎవరు చెప్పగా బిగించారో, ఏ కొట్టులో, ఎంత బిల్లో ట్రిప్పుల పుస్తకంలో రాసుకుని, బిల్లు ఓనరు పేరు మీదే రాయించుకోవాలి. కోత పెట్టిన రోజున ఆ బిల్లు, చట్టం మాట రెండూ చూపించి సంఘం తరఫున మాట్లాడవచ్చు.

జరిమానా కన్నా పెద్ద సంగతి తొట్టిలో మనుషులది. సరుకు బండిలో వుత్తినే ఎక్కిన ప్రయాణికుడు చనిపోతే బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో తేల్చింది. 1994 సవరణ తర్వాత సరుకు యజమానికి, ఆయన అధికార ప్రతినిధికి చట్టంలో చోటుంది. బండి ఓనరు దగ్గర పనికి కుదిరి ఆ బండి మీద పోతున్న కూలీకి, పనిలో జరిగిన ప్రమాదపు పరిహారం మేరకు అడిగే దారుంది. తేడా యిక్కడే. "వూరికే ఎక్కించుకున్నాం" అని ఓనరు వాంగ్మూలం యిస్తే ఆ కుటుంబం ఓనరు ఆస్తి వెంట సంవత్సరాల తరబడి కోర్టులో తిరగాలి. "నా ముఠాయే, నా పనికే తీసుకుపోతున్నాను" అని రికార్డులో వుంటే కథ వేరు. అందుకని ముఠా పేర్లు రాసిన కాగితం, కూలి చెల్లించిన చిట్టీ, మేస్త్రీ ఫోనులోదయినా సరే, వుండాలి. పోతే దీపాల సంగతి: అనుమతి లేని మార్పు చేసిన బండి ప్రమాదంలో పడితే, డబ్బు యివ్వకుండా వుండడానికి సాకు వెతికేవాళ్ళ చేతికి మనమే సాకు అందించినట్టవుతుంది.

కళ్ళు చెదరడం అంటే ఎంత ప్రమాదమో కూడా లెక్కే చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల మీద పోయే బండి ఒక్క సెకనులో 17 మీటర్లు పోతుంది. ఎదుటి దీపానికి చెదిరిన కన్ను తేరుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకుంటే యాభై మీటర్లు గుడ్డి ప్రయాణం. వయసు మళ్ళినవారికి యింకా ఎక్కువ పడుతుంది. ఏటిగట్టు రోడ్డు మీద యాభై మీటర్లలో ఎంత మంది నడుస్తారో, ఎన్ని గేదెలు పడుకుంటాయో ఆ వూళ్ళ వాళ్ళకు చెప్పక్కర్లేదు. అదనపు దీపం పెట్టినవాడు తనకు దారి కనపడుతోందనుకుంటాడు. ఎదుటివాడికి దారి లేకుండా చేశానని అనుకోడు.

యీ మోజు యెడార్లలో, రాళ్ళ గుట్టల్లో రోడ్డు లేని చోట బళ్ళు నడిపే అమెరికా, ఆస్ట్రేలియా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. ఆ అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో, అలాటి దీపాలు బిగించుకున్న బండి మామూలు రోడ్డెక్కితే వాటి మీద మూత వేసి వుంచాలని చట్టం. మన దగ్గరికి దీపం వచ్చింది, మూత రాలేదు.

పాతకాలం ఎడ్లబండి కింద లాంతరు కట్టేవారు. అది ఎడ్లకు దారి చూపడానికి కాదు, ఎడ్లకు దారి తెలుసు. బండివాడు నిద్రపోయినా యింటికే తెచ్చేవి. లాంతరు వెనక వచ్చేవాడి కోసం, ఎదురొచ్చేవాడి కోసం: యిక్కడ ఒక బండి వుంది, మనిషి వున్నాడు అని చెప్పడానికి. కిరసనాయిలు దీపానికున్న ఆ తెలివి యీనాటి ఎల్‌ఇడి బద్దకు లేకపోయింది.

మరి ఏం పెట్టించాలి? మేమయితే వెనక నుంచి మొదలుపెట్టమంటాం. టెయిల్ లైట్లు రెండూ, బ్రేకు లైట్లు రెండూ వెలగాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు వుండాలి; గెలల ఆకులు, కొబ్బరి గోతాలు వాటి మీద వేలాడకుండా కట్టాలి. ట్రాక్టరు తొట్టికయితే యిది మరీ ముఖ్యం. సాయంత్రం చెరుకు, వరిగడ్డి వేసుకుని పోయే తొట్టికి వెనక ఏమీ లేకపోవడం మన రోడ్ల మీద మామూలయిపోయింది. తొట్టికి పోయే తీగ సాకెట్టులో గట్టిగా వుందా లేదా బయలుదేరేముందు ఒకడు వెనక నిలబడి చూడాలి. దానికి రెండు నిమిషాలు చాలు, ఖర్చు లేదు.

తర్వాత పనిచోట వెలుతురు. 18 వాట్ల చిన్న ఎల్‌ఇడి దీపాలు రెండు, తొట్టి లోపలికి, కిందికి చూసేలా క్యాబిన్ వెనక బిగిస్తే ముఠాకు సరిపోతుంది. రెండూ కలిపి 36 వాట్లు, 3 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. యింజను ఆపి మూడు గంటలు గెలలెత్తినా బ్యాటరీలోంచి తీసేది 9 ఆంపియర్ అవర్లు. అదే హాలోజెన్ జత వెలిగిస్తే 28 దాకా పోతుంది. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది సగానికి దగ్గర. తెల్లారి బండి స్టార్టవకపోతే తొయ్యమనేది ఎవర్ని? రాత్రంతా గెలలు మోసినవాళ్ళనే. యీ దీపాలకు స్విచ్చి వేరుగా వుండాలి, వెలుగుతున్నట్టు క్యాబిన్‌లో చిన్న గుర్తు దీపం వుండాలి, బండి కదిలేముందు ఆర్పాలి. తెల్ల వెలుతురు వెనక్కి చూపిస్తూ రోడ్డెక్కితే వెనకవాడు బండి తనకెదురుగా వస్తోందనుకుంటాడు.

ముందువైపు తప్పదనుకుంటే బంపరు ఎత్తులో, కిందికి వంచిన ఫాగ్ లైట్లు మాత్రమే. రిలే సైగ తీగను పార్కింగ్ లైటు తీగ నుంచి తీసుకుని కంపెనీ స్విచ్చి గుండా పోనిస్తే, బండి దీపాలన్నీ ఆపినప్పుడు యివీ ఆగుతాయి. మరిచిపోయి వెలిగించి వదిలే ప్రమాదముండదు. యిదివరకే బిగించేసిన దూరపు దీపాలున్న బండి నడుపుతున్నవారు వాటిని విప్పించే దాకా కనీసం రోడ్డు మీద గోతంగుడ్డ మూత కట్టి, ఫ్యూజు పీకి వుంచాలి. గుడ్డ కట్టి దీపం వెలిగిస్తే గుడ్డే అంటుకుంటుంది, ఆ సంగతీ చెబుతున్నాం.

పని చేయించేటప్పుడు డ్రైవరు పక్కన నిలబడాలి. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి, అన్నీ అయ్యాక చివర్న బిగించాలి. తర్వాత సాయంత్రం చీకటి పడ్డాక బండిని చదునయిన నేల మీద ఆపి, ఎనిమిది మీటర్లు, అంటే మామూలు మనిషి పది పన్నెండు అంగలు, కొలిచి అక్కడ ఒకరు నిలబడాలి. కళ్ళు చెదిరితే దీపం వంపు యింకా దించాలి. ఖాళీ బండితో సరిచూసిన వంపు సరుకెత్తాక సరిపోదు. వెనక బరువుకు ముక్కు పైకి లేస్తుంది, దీపం ఎదుటివాడి మొహానికి పోతుంది. కాబట్టి సరుకుతో ఒకసారి చూడాలి. ఆ తర్వాత దీపాలు అరగంట వెలిగించి వుంచి, స్విచ్చి మీద వేలు, అతుకుల మీద వేలు, ఫ్యూజు గూడు మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా వుంటే ఫరవాలేదు. వేలు నిలవకపోతే ఆ రాత్రి బండి తియ్యవద్దు. ఎవరు తియ్యమన్నా సరే, తొట్టిలోకి ఎవర్నీ ఎక్కనివ్వవద్దు.